దొనలో గాట్లు, గ్లాసులో గీతలు

ఏడాదికి మూడువందల ఇరవై సున్నాలు రాసి జీతం తీసుకునేవాడు ఆ ఊళ్లో ఒక్కడే ఉండేవాడు. తాలూకా ఆఫీసులో అటెండరు. ఫైళ్లు మోయడం, తలుపులు తియ్యడం, పెద్దవాళ్లు వస్తే కుర్చీలు వెయ్యడం అందరు అటెండర్లూ చేసే పనే. వాటితోపాటు ఆఫీసు ఆవరణలో తీగల కంచె లోపల ఉన్న వానకొలత డబ్బా కూడా ఆయన చేతికిందే ఉండేది. అందుకని ఊరు ఆయన్ని వానాయన అంది. అసలు పేరు జీతాల పుస్తకంలో మాత్రమే మిగిలింది.

పొద్దున ఎనిమిదిన్నర. కంచె తాళం తీసేవాడు. మోకాలెత్తు డబ్బా మీది గరాటు పైకెత్తి, లోపలి సీసా బయటికి తీసి, అందులో నీళ్లుంటే కొలతగ్లాసులోకి ఒంపేవాడు. గ్లాసును చదును చేసిన బండ మీద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, కన్ను నీటిమట్టానికి సమానంగా తెచ్చి గీత చదివేవాడు. నిలబడి చదివితే ఒక గీత తేడా వస్తుందని ఉద్యోగంలో చేరిన రోజున ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి ప్యాంటు మోకాళ్ల దగ్గర ముందు చిరుగుతూ వచ్చింది. సీసాలో నీళ్లు లేకపోయినా అన్నీ అదే వరసలో చేసేవాడు. ఖాళీ సీసాను గ్లాసు మీద బోర్లించి, ఆఖరి చుక్క ఏమన్నా ఉందేమోనని పదిదాకా లెక్కపెట్టి, అప్పుడు వెళ్లి రిజిస్టరులో సున్నా చుట్టేవాడు.

"ఆకాశం వైపు చూస్తే తెలిసిపోదూ? దానికి తాళం తియ్యడం, కూర్చోవడం, ఈ తంతంతా ఎందుకయ్యా?" అనేవాడు సూపరింటెండెంటు కిటికీలోంచి.

"సున్నా కూడా కొలతేనండి. కొలవకుండా రాస్తే అది ఊరికే గుండ్రం."

ముప్పై ఒక్కేళ్లలో ఒక్క పొద్దూ తప్పలేదు. జ్వరమొచ్చిన రోజున భార్య రెక్క పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. కూతురి పెళ్లిలో ఎనిమిదింటికి మాయమై తొమ్మిదింటికి వచ్చాడు. అల్లుడి తరఫువాళ్లు గుసగుసలాడుకుంటే భార్య, "ఎక్కడికీ పోలేదండీ, వాన కొలవడానికి వెళ్లారు" అంది. ఆ రోజు నిప్పులు చెరిగే ఎండ. వియ్యాలవారు ఆ మాట నమ్మలేదని ఆమె ఇప్పటికీ చెబుతుంది.

ఆ ప్రాంతం ఎర్రమట్టి, బండలు. ఊరికి పడమరగా రెండు మైళ్ల దూరంలో ఇసక మాత్రమే ఉన్న ఏరు. నడినెత్తిన కాపలా ఉన్నట్టు ఒక రాతికొండ, దాని మీద పాడుబడ్డ కోట. కోటలో చెప్పుకోదగ్గది ఒకటే మిగిలింది. బండలో తొలిచిన దొన. చుట్టూ ఉన్న రాతి చదును మీద పడ్డ వాన నీళ్లు చెక్కిన కాలవల గుండా వచ్చి ఆ తొట్టిలో చేరతాయి. దాని గోడకు కింది నుంచి పై దాకా గాట్లు పెట్టి ఉన్నాయి. నూట నలభై రెండు. వానాయన లెక్కపెట్టాడు.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఒక పెద్ద వాన కురిసిన మర్నాడు ఆయన మొదటిసారి దొన చూడ్డానికి కొండ ఎక్కాడు. అప్పుడు కోటకు కాపలా ఉన్న పెద్దాయన గాట్లు చూపించి, సైనికులు జీతం అందని నెలలు గీసుకున్నారని ఒక కథ, యుద్ధంలో పోయినవాళ్ల లెక్కని ఇంకో కథ చెప్పాడు. "ఏది నిజమండీ?" అంటే, "వచ్చినవాణ్ణి బట్టి చెబుతాను" అన్నాడు. కాపలా గది గుమ్మంలో ఆయన కూతురు నిలబడి నవ్వింది. దొన చూడ్డానికి ఎక్కి పిల్లను చూసుకుని దిగాడని ఆఫీసులో చాలాకాలం చెప్పుకున్నారు. మామగారు పోయాక కాపలా పని బావమరిదికి వచ్చింది.

పెళ్లయినా గాట్ల సంగతి వానాయనను వదల్లేదు. కింద గాట్లు దూరం దూరంగా ఉన్నాయి, పైకి పోయేకొద్దీ దగ్గరయ్యాయి. తిన్నగా గీయడం రాని మేస్త్రీ పని అనుకుందామంటే తక్కిన చెక్కడమంతా దారం పట్టినట్టుంది. మరెందుకిలా? ఒకరోజు ఇంట్లో గంజి వార్చుకునే వెడల్పు మూతి గిన్నెలో భార్య చెంబుతో నీళ్లు పోస్తుంటే చూశాడు. మొదటి చెంబుకు నీళ్లు నాలుగు వేళ్లు లేచాయి, మూడో చెంబుకు రెండే వేళ్లు. దొన కూడా అడుగున ఇరుకు, పైన వెడల్పు. అంటే గాటుకూ గాటుకూ మధ్య పట్టే నీళ్లు ఒకటే. చెంబు పెట్టి కొలిచినట్టు ఎవరో కొలిచి గీశారు. జీతాలు కాదు, చావులు కాదు, అది వాన లెక్క.

"చూశావా!" అన్నాడు భార్యతో.

"చూశాను. గిన్నె నిండి పొయ్యి మీదికి పోతోంది" అందామె.

అప్పటి నుంచి ఒక సొంత నోటుపుస్తకం మొదలైంది. రోజూ సాయంత్రం దొనలో నీళ్లు ఏ గాటు దగ్గరున్నాయో బావమరిది ఆ గాటులో ఒక గులకరాయి పెట్టాలి. రాత్రి వాన పడితే, పొద్దున డబ్బాలో కొలత చూసుకుని, ఆదరాబాదరా రెండువందల మెట్లెక్కి, రాయి దగ్గర్నుంచి నీళ్లు ఎన్ని గాట్లు లేచాయో వానాయన లెక్కపెట్టాలి. చిన్న చినుకులు పనికిరావు, అవి బండే తాగేస్తుంది. పెద్ద వానలు ఏడాదికి పన్నెండో పదిహేనో. నాలుగేళ్లు ఎక్కి దిగాక తేలింది. డబ్బాలో ఐదు మిల్లీమీటర్లు పడితే దొనలో ఒక గాటు. పది పడితే రెండు. ఇరవైకి నాలుగు. ఎన్నో తరాల కిందటి మేస్త్రీ, ఇప్పటి ప్రభుత్వం ఒకటే మాట చెబుతున్నారు. ఆ సంతోషం ఎవరితో పంచుకోవాలో తెలియక బావమరిదికి చెప్పాడు.

"బావా, నీకు పనికొచ్చే పని ఒక్కటైనా తడుతుందా ఎప్పుడైనా?" అన్నాడు బావమరిది. అని, సాయంత్రం గులకరాయి మాత్రం పెట్టాడు. ఆ తర్వాత కూడా ఏ రోజూ మానలేదు.

కొన్నేళ్ల తరవాత లెక్క మారింది. డబ్బాలో పది పడితే దొనలో నీళ్లు నాలుగు గాట్లు లేవడం మొదలుపెట్టాయి. ప్రతిసారీ అంతే. వానాయనకు అనుమానం వచ్చింది. అయితే అనుమానం దొన మీదికి పోయింది. ప్రభుత్వంవారి గ్లాసు మీదికి ఎలా పోతుంది? 'బండ పగిలి ఊట పడిందేమో' అని నోటుపుస్తకం అంచున రాసుకున్నాడు.

"ఊటా లేదు, పాడూ లేదు. కొండకు వాన ఎక్కువ పడుతుంది బావా. మబ్బుకు దగ్గర కదా" అన్నాడు బావమరిది. అంతకంటే మంచి మాట ఎవరూ చెప్పలేదు గనక వానాయన దాన్నే ఉంచుకున్నాడు.

అదే కాలంలో ఊరికి కొత్త పేరొచ్చింది. జిల్లాలోకెల్లా తక్కువ వాన పడే ఊరు. అంతకుముందు ఏడాదికి ఐదువందల నలభై దాకా ఉండే సగటు, రెండువందల డెబ్భైకి దిగిపోయింది. పక్క ఊళ్లు బాగానే ఉన్నాయి, దీనికే ఏదో పట్టింది. రాళ్ల క్వారీ దుమ్ము మబ్బుల్ని విరగ్గొడుతోందన్నారు కొందరు. సెల్ టవర్లన్నారు కొందరు. ఎవరో ప్రొఫెసరు వచ్చి కొండ ఎత్తు కొలుచుకుని, కొండ మబ్బుల్ని అడ్డుకునే వాన నీడ ఇది అని ఒక వ్యాసం రాశాడు. చెరువు ఎప్పటిలాగే రెండేళ్లకోసారి నిండుతూనే ఉంది, దాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. వ్యాపారుల సంఘం బస్టాండులో బోర్డు పెట్టించింది: 'అతి తక్కువ వాన పడే ఊరికి స్వాగతం.' దాని పక్కన నిలబడి జనం ఫొటోలు తీసుకునేవారు. వానాయనకు కూడా లోపల కొంచెం గర్వమే. అంత పేరు తెచ్చిన సున్నాలు తన చేతివి మరి.

అలా పదకొండేళ్లు నడిచింది. ఉద్యోగ విరమణకు డెబ్భై రెండు రోజులున్నాయనగా పుస్తకం మేడమ్ వచ్చింది.

ఆమె జిల్లా కేంద్రంలో భూగోళం చెప్పే లెక్చరరు. జిల్లా నేల, నీరు, మనుషులు, పాత కట్టడాలు అన్నిటి గురించీ ఒక పుస్తకం రాసే పని ఆమెకు అప్పగించారు. భుజానికి సంచీ, చేతిలో పెన్సిలు, అడిగిందే అడిగే అలవాటు. ఏరు ఏడాదికి ఎన్ని రోజులు పారుతుందని ఆఫీసులో నలుగురిని అడిగింది. ఒకరు నెల అన్నారు, ఒకరు వారం అన్నారు.

"పోయినేడు పదకొండు రోజులండి. అంతకుముందేడు తొమ్మిది" అన్నాడు వానాయన టీ గ్లాసు పెడుతూ.

ఆమె పెన్సిలు ఆగింది. "మీరెవరు?"

సాయంత్రందాకా ఆయన్ని వదల్లేదు. రిజిస్టర్లు ముప్పై ఒకటీ తిరగేసింది. ఒకే దస్తూరీ, ఒకే వరస, ఒక్క ఖాళీ గడి లేదు. "ఇన్నేళ్లపాటు ఒక్క మనిషి రాసిన వాన లెక్క ఈ జిల్లాలో ఇంకోటి లేదండి. మొత్తం అచ్చు వేస్తాను. ఎవరు కొలిచారో కూడా వేస్తాను" అంది.

వానాయన ఇంటికి వెళ్లి ఆ మాట భార్యకు మూడుసార్లు చెప్పాడు. మూడోసారి ఆమె, "అచ్చులో ఏ పేరు వేస్తారట? వానాయన అనా?" అంది.

మర్నాడు మేడమ్‌ను కొండ ఎక్కించాడు. దొన చూపించి, గాట్ల రహస్యం చెప్పి, మొహమాటపడుతూనే సొంత నోటుపుస్తకం చేతికిచ్చాడు. బావమరిది ఒక పక్కన నిలబడి, "ఆ గులకరాయి నా డిపార్ట్‌మెంటు మేడమ్" అన్నాడు. ఆమె బండ మీద కూర్చుని ఒక్కో పేజీ చూసింది. ఒక చోట ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకొచ్చింది.

"ఈ పేజీదాకా ఐదుకు ఒక గాటు. ఈ పేజీ నుంచి ఐదుకు రెండు. కొండ మీద వాన ఎక్కువైతే కొంచెం కొంచెంగా మారాలి కదండీ? రాత్రికి రాత్రి సరిగ్గా రెట్టింపు ఎలా అవుతుంది? ఈ రెండు పేజీల మధ్యన ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదండి. కొండ కొండే, దొన దొనే."

"కింద?"

"కింద కూడా ఏమీ..." అని ఆగిపోయాడు.

దిగుతున్నప్పుడు మెట్లు లెక్కపెట్టడం ఆయన అలవాటు. ఆ రోజు నలభై దాకా వచ్చి లెక్క తప్పాడు. పదకొండేళ్ల కిందటి ఎండాకాలంలో కొలతగ్లాసు తుడుస్తుంటే చేయి జారి బండ మీద పడి పగిలింది. కొత్తది కావాలని రాస్తే స్టోర్సు నుంచి వచ్చింది. పాతదానికంటే లావుగా ఉంది. 'గీతలు స్పష్టంగా ఉన్నాయి, బాగు చేశారు' అని తాను భార్యతో మెచ్చుకున్నాడు కూడా. మేడమ్‌కు ఆ సంగతి చెప్పలేదు. బస్సెక్కించి, చెయ్యూపి, ఆఫీసులోంచి లావు గ్లాసు తీసుకుని గబగబా ఇంటికి నడిచాడు.

ప్రభుత్వ వస్తువు పగిలినంత మాత్రాన పారెయ్యకూడదు. కొట్టివేత ఉత్తర్వు రావాలి. ఆ ఉత్తర్వు పదకొండేళ్లయినా రాలేదు గనక పాత గ్లాసు అడుగుభాగం ఇంట్లో రేకు పెట్టెలో గుడ్డలో చుట్టి ఉంది. ఇల్లు దులిపినప్పుడల్లా దాని మీద భార్యాభర్తలకు ఒక మాటైనా జరిగేది.

"ఇవాళ అదెందుకండీ?" అంది భార్య.

ఆయన వంటింటి గట్టు మీద పగిలిన గ్లాసు పెట్టాడు. నాలుగో గీత పైన విరిగింది. పక్కన లావు గ్లాసు పెట్టాడు. చెంబుతో నీళ్లు తెచ్చి పాతదాంట్లో సరిగ్గా నాలుగు దాకా పోశాడు. మోకాళ్ల మీద కూర్చుని చూసుకున్నాడు. ఆ నీళ్లే లావుదాంట్లోకి ఒంపాడు. మళ్లీ కూర్చున్నాడు.

రెండు.

ఇంకోసారి పోశాడు. రెండే. పాత గ్లాసు అడుగు తిప్పి చూస్తే గాజులో పోతపోసి 'వంద' అంకె ఉంది. లావుదాని అడుగున 'రెండువందలు'. అది స్టోర్సువారి నంబరనుకున్నాడు ఇన్నాళ్లూ. ఎంత మూతి ఉన్న గరాటుకు ఏ గ్లాసో చెప్పే అంకె అదని ఇప్పుడు అర్థమైంది.

భార్యకు లెక్కలు రావు గానీ గిన్నెలు తెలుసు. చప్పున అర్థం చేసుకుంది. "అయితే పదకొండేళ్ల నుంచి మన ఊళ్లో సగం వానే పడిందనుకున్నది..."

"వాన పూర్తిగానే పడింది. సగం రాసింది నేను."

ఆమె గట్టు మీద ఒలికిన నీళ్లు తుడిచింది. "పంపినవాళ్ల తప్పు కదా" అంది.

"పంపినవాళ్లు ఒకసారి పంపారు. నేను రోజూ చదివాను."

మర్నాడు సున్నా రాసి, సూపరింటెండెంటు గదిలోకి వెళ్లి సంగతి చెప్పాడు. ఆయన లేచి తలుపు వేశాడు. అటెండరు ఉండగా ఆయన తనంతట తాను తలుపు వెయ్యడం అదే మొదలు.

"ఇంకెన్ని రోజులున్నాయి నీకు?"

"డెబ్భై అండి."

"డెబ్భై సున్నాలు రాసుకుని దండ వేయించుకుని ఇంటికి పో. ఎవడికి తెలుస్తుంది? చెప్పావనుకో, పదకొండేళ్లు తప్పన్నవాడు మిగతా ఇరవై మాత్రం ఒప్పని ఎందుకు నమ్ముతాడు? మొత్తం కొట్టేస్తారు. అచ్చూ లేదు, గిచ్చూ లేదు. బోడిగుండుకూ మోకాలికీ ముడి పెట్టినట్టు, ఆ కొండకూ మన డబ్బాకూ ఎవడు ముడి పెట్టమన్నాడయ్యా నిన్ను?"

అదే వానాయన గుండెల్లో రాయి కూడా. పదకొండేళ్లు పోతే పోనీ అనుకోవచ్చు. మిగతా ఇరవై ఏళ్ల పొద్దులు, జ్వరంతో వచ్చిన పొద్దు, పెళ్లి పొద్దు, అన్నీ ఒకే చీపురుతో ఊడ్చేస్తారు. ఊరుకుంటే ముప్పై ఒకటీ అచ్చులో ఉంటాయి. అయితే అందులో పదకొండు ఊరికే గుండ్రాలు.

రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు భార్య కంచం పక్కన తెల్లకాగితం, పెన్ను కూడా పెట్టింది. "రాసేది ఎలాగూ రాస్తారు. రాసి తినండి, లేకపోతే చల్లారిపోతుంది."

రాశాడు. ఒక కాపీ ఆఫీసుకు, ఒక కాపీ పుస్తకం మేడమ్‌కు.

ఆమె వారం తిరక్కుండా వచ్చింది. ఒంటరిగా కాదు, జిల్లా గణాంకాల ఆఫీసరును వెంటబెట్టుకుని. ఆయన సన్నగా, పొడుగ్గా, ఏ మాటకూ వెంటనే తల ఊపని మనిషి. గ్లాసులు రెండూ చూశాడు. "సరే, గ్లాసు రెండువందలది. మరి గరాటు వందదని ఏమిటి రుజువు? దాని అంచు మీద అంకె ఉండాలే?"

అంచు మీద ఏమీ లేదు. నున్నగా, నిండుగా రంగు ఉంది. ఏటా వానలకు ముందు వానాయన డబ్బాకూ గరాటుకూ రంగు వేసేవాడు. ఆఫీసు తలుపులకు వేయగా మిగిలిన రంగు. ఒక ఏడు ఆకుపచ్చ, ఒక ఏడు నీలం.

"చాకు ఉందా?" అన్నాడు ఆఫీసరు.

వానాయనే గీకాడు. ఆఫీసంతా కంచె చుట్టూ చేరింది. నీలం కింద ఆకుపచ్చ, దాని కింద బూడిద, దాని కింద మళ్లీ ఆకుపచ్చ. ముప్పై ఒక్క పూతలు. కోసిన చెట్టు మొద్దులో వయసు చూసినట్టుంది. చిట్టచివర లోహం మెరిసి, దాని మీద పొడిచిన అంకె కనిపించింది. వంద.

"రంగు వెయ్యమని నీకెవరు చెప్పారయ్యా?" అన్నాడు సూపరింటెండెంటు నెత్తి పట్టుకుని.

"ఎవరూ చెప్పలేదండి. తుప్పు పడుతుందని..."

ఎవరో నవ్వారు. వానాయన కూడా నవ్వబోయి ఊరుకున్నాడు. తక్కినవాళ్లలా నిర్లక్ష్యంగా ఉండి ఉంటే ఆ అంకె పదకొండేళ్ల కిందటే కళ్లబడేది.

ఆఫీసరు నోటుపుస్తకం అడిగి తీసుకుని చాలాసేపు చదివాడు. "ఇది బాగుంది. గ్లాసు మారిన రోజు ఇందులో గీత గీసినట్టు తెలిసిపోతోంది. అయితే ఒక మాట. దొనలో ఇప్పటికీ ఐదుకు ఒక గాటేనని ఎలా నమ్మను? నిజంగానే బండ పగిలి ఊట పడి ఉండొచ్చు. మీరే రాసుకున్నారు అంచున. వంద గ్లాసు పంపిస్తాను. పుస్తకం ప్రెస్సుకు వెళ్లేలోగా ఒక్క మంచి వాన కొలవండి, సాక్షి సంతకంతో. దొన సరిపోతే పదకొండేళ్లనూ రెట్టింపు చేసి, మొత్తం ఉంచుతాను. సరిపోకపోతే మొత్తం తీసేస్తాను."

"ప్రెస్సుకు ఎప్పుడండీ?"

"వచ్చే నెలాఖరు" అంది మేడమ్. "మీ విరమణ కూడా అదే రోజు కదూ?"

తొలకరి మొదలు కావలసిన రోజులే. కానీ ఆ ఊరి మబ్బు ఎవరి చుట్టం? వంద గ్లాసు వచ్చింది, సన్నగా, పాత నేస్తంలా. వానాయన దాన్ని రోజూ తుడిచాడు, రెండు చేతులా పట్టుకుని. సున్నా. సున్నా. ఒక రోజు ఉరుములు ఉరిమి, అరచేయంత మబ్బు వచ్చి, పక్క ఊరి మీద పడి పోయింది. సున్నా. బస్టాండులో జనం, "ఏం వానాయనా, పదకొండేళ్ల వాన దాచేశావట, ఇప్పుడు తియ్యవయ్యా బయటికి!" అని వేళాకోళమాడారు. బోర్డు పెట్టించిన వ్యాపారుల సంఘం పెద్ద మాత్రం మొహం మాడ్చుకుని పోయాడు.

"రోజూ గులకరాయి కిందికే జరుపుతున్నాను బావా. దొన ఎండిపోయేలా ఉంది" అన్నాడు బావమరిది.

ఇంకా ఐదు రోజులున్నాయనగా, సాయంత్రం గాలి ఆగిపోయింది. చీకటి పడ్డాక మొదలై తెల్లవారేదాకా కురిసింది. వానాయన పడుకోలేదు. లేచి బయటికీ పోలేదు. డబ్బాను ఎనిమిదిన్నరకు ముందు ముట్టుకోకూడదు.

ఎనిమిదిన్నరకు కంచె తాళం తీశాడు. సాక్షి కింద సూపరింటెండెంటు గొడుగుతో నిలబడ్డాడు. సీసాలోంచి గ్లాసులోకి ఒంపి, బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఎంత?"

"మీరు చూడండి."

"నేనెక్కడ కూర్చోనయ్యా ఈ బురదలో!"

"నిలబడి చదివితే గీత తేడా వస్తుందండి."

సూపరింటెండెంటు ప్యాంటు వంక ఒకసారి చూసుకుని, మోకాళ్ల మీద కూర్చున్నాడు. సన్న గ్లాసు రెండుసార్లు నింపి కొలవాల్సి వచ్చింది. ముప్పై రెండున్నర. రిజిస్టరులో రాసి సంతకాలు చేశారు.

"ఇక కొండండి."

"సంతకం పెట్టేశానుగా!"

"అది డబ్బాకు. దొనకు కూడా కావాలన్నారు."

రెండువందల మెట్లు. యాభైకి ఒకసారి సూపరింటెండెంటు కూర్చున్నాడు. "నీ గాట్లు పాడుగాను. ఉద్యోగంలో ముప్పై ఏళ్లుగా ఈ కొండ కిటికీలోంచి చూస్తున్నాను. ఎక్కాల్సి వస్తుందనుకోలేదు" అని మెట్టు మెట్టుకూ తిట్టాడు. నూటయాభయ్యో మెట్టు దగ్గర తిట్టడం మానేశాడు. అక్కడి నుంచి ఎర్రనేల తడిసి, బండలు కడిగినట్టు మెరుస్తూ, ఇసక ఏటిలో సన్నటి నీటిగీత కదులుతూ కనిపించింది. "ఏరొచ్చిందయ్యోయ్" అన్నాడు చిన్నపిల్లాడిలా. వానాయన వెనక్కి తిరగలేదు. ఆయన మెట్లు లెక్కపెడుతున్నాడు.

బావమరిది దొన అంచున గొడుగు లేకుండా నిలబడి ఉన్నాడు. "నిన్న పొద్దుగూకే వేళకు ఇరవై ఎనిమిదో గాటులో పెట్టాను రాయి. ఎవరూ ముట్టుకోలేదు. నేనే కూర్చున్నాను కాపలా."

రాయి నీళ్ల లోపల కనబడుతోంది. దొనలోకి దిగే చిన్న మెట్ల మీద వానాయన కూర్చుని, చెయ్యి నీళ్లలోకి చాపి, రాయిని తడిమి, అక్కడి నుంచి వేలితో పైకి వచ్చాడు. సూపరింటెండెంటు కూడా వంగి, చెప్పకుండానే మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఒకటి. రెండు. మూడు."

నాలుగు, ఐదు నీళ్లలో చల్లగా తగిలాయి. ఆరు. వేలు ఇంకొంచెం పైకి పోయి ఆగింది. ఏడో గాటు నీళ్లకు పైన ఉంది. నీళ్లు ఆరుకూ ఏడుకూ సరిగ్గా నడుమ నిలబడి ఉన్నాయి.

"ఆరున్నర" అన్నాడు సూపరింటెండెంటు. "ఆరున్నర ఐదులు..." పెదాలు కదిపి లెక్క వేసుకున్నాడు. తరవాత వానాయన మొహంలోకి చూశాడు. "కాగితం ఎక్కడుందయ్యా? ఇలా తే, సంతకం పెడతాను."

వానాయన లేవలేదు. వేలు ఇంకా ఆ ఏడో గాటు మీదే ఉంది. ఉలితో కొట్టిన గరుకు తగులుతోంది. అంత కొలిచి ఇంత కష్టపడి కొట్టినవాడు కూడా వాన వెలిసిన పొద్దున ఇలాగే కూర్చుని చూసుకుని ఉంటాడా అనుకున్నాడు. అతనికి గ్లాసు లేదు. మరి దేనితో కొలిచాడు?

"బావా," అన్నాడు బావమరిది, "సరిపోయిందా, లేదా? నోరు విప్పవేం?"

"సరిపోయింది. ఇంతకీ వాళ్లు దేంతో కొలిచారంటావు?"

"అయిపోయింది! ఇంకో పాతికేళ్లు గులకరాళ్లు పెట్టాలి కాబోలు" అన్నాడు బావమరిది సూపరింటెండెంటుతో.

పుస్తకం ఆరు నెలలకు వచ్చింది. వాన లెక్కలు ముప్పై ఒక్కేళ్లవీ ఉన్నాయి, నాలుగు పేజీలు. కింద చిన్న అక్షరాల్లో: 'చివరి పదకొండేళ్ల కొలతలు గ్లాసు పొరపాటు వల్ల సగమే నమోదయ్యాయి. కొలిచిన వ్యక్తి స్వయంగా గుర్తించి తెలపగా, కోటలోని దొన గాట్ల ఆధారంగా సరిచేయడమైనది.' బస్టాండులో బోర్డు తీసేశారు. దాని గుంజలు మాత్రం ఉన్నాయి. వానాయన ఆ వాక్యాలు భార్యకు చదివి వినిపించాడు.

"పొరపాటు అని అచ్చు వేశారా?" అందామె.

"వేశారు."

"కొలిచిన వ్యక్తి అంటే మీరేనా?"

"నేనే."

పుస్తకంతోపాటు ఆఫీసు నుంచి ఇంకో కవరు కూడా వచ్చింది. పాత కొలతగ్లాసును జాబితా నుంచి కొట్టివేసినట్టు, ఇక పారెయ్యవచ్చునని ఉత్తర్వు. ఆయన చదివి, "ఇప్పుడు పారెయ్యొచ్చు" అని రేకు పెట్టె మూత తీశాడు.

భార్య ఆ గాజుముక్కను చేతిలోకి తీసుకుని చూసింది. కొంగుతో తుడిచింది. పాత గుడ్డ విప్పేసి, ఉతికిన గుడ్డ ఒకటి తెచ్చి చుట్టి, మళ్లీ పెట్టెలోనే పెట్టింది.